ఏడు ఎక్కడ?

త్బిలిసీలో మంచు.
ఇంకో వారంలో కొత్త సంవత్సరం.
బడి వంటగదిలో గోజినాకి కోసం
తేనె నురగలెత్తుతోంది.

"తలా పది అక్రోటు పలుకులు లెక్కపెట్టండి"
అంది నాతెలా టీచర్.

లాషా వేలితో ఒక్కోటీ జరిపాడు:
అయిదు, ఆరు, ఎనిమిది...
"మరి ఏడేదిరా?"
వాడు నోరు విప్పడు.
ఎడమ బుగ్గ మాత్రం కాస్త ఉబ్బి ఉంది.

తడి చెక్క మీద పాకం పోసి
అప్పడాల కర్రతో అదిమి
ఏటవాలుగా కోస్తే
అందరూ "వజ్రం!" అని అరిచారు.
తెక్లే ఒప్పుకోలేదు.
"కాదు, నిద్రొచ్చి
పక్కకి ఒరిగిన నలుచదరం."

సాయంత్రం గేటు దగ్గర
"ఏం నేర్చుకున్నావురా?" అంది అమ్మ.
లాషా గుప్పిలి తెరవబోయాడు,
వేళ్లు ఊడి రాలేదు.
"ఏడు," అన్నాడు,
"తియ్యగా ఉంటుంది."