తొమ్మిదికీ పదకొండుకీ మధ్య

పోర్టు బొగ్గు రాత్రంతా మా కిటికీ మీద వాలుతుంది.
పొద్దున్నే నూకరత్నం తడిగుడ్డతో తుడిచి
"సూడండి సిస్టరమ్మా, ఎంత మసో!" అంటుంది.
కనబడే మసి మంచిది, రత్నం.
దానికి తడిగుడ్డ చాలు.

పసిపిల్లల వార్డులో
తొమ్మిదో పెట్టెకీ పదకొండో పెట్టెకీ మధ్య
నాలుగడుగులు, ఒక సింకు.
పదోది రిపేరుకెళ్ళి ఇంకా రాలేదు.

ఆ రాత్రి ఇద్దరమే డ్యూటీ.
తొమ్మిదిలో పాప కక్కుకుంది.
తుడుస్తుండగానే పదకొండులో మానిటరు అరిచింది.
కాళ్ళు నాలుగడుగులు వేశాయి.
చేతులు సింకు దగ్గర ఆగలేదు.
ఆగాయేమో కూడా.
ఎన్నిసార్లు తలుచుకున్నా
కుళాయి చప్పుడు మాత్రం గుర్తుకు రాదు.

మూడోనాడు కల్చర్ రిపోర్టొచ్చింది.
నోరు తిరగని ఒక పేరు, దాని కింద
పనిచేయని మందుల జాబితా.
ఆరోనాడు పదకొండు ఖాళీ అయింది.
ఎవరూ నన్నేమీ అడగలేదు.
అడిగితే బాగుండేది.

ఇప్పుడు నా వేళ్ళ సందులు పగిలి ఉంటాయి.
పులుసన్నం కలిపితే చురుక్కుమంటుంది.
ముద్ద పెట్టబోతే మా చిన్నాడు
"ఆస్పత్రి కంపు" అని మొహం తిప్పుకుంటాడు.
నిన్న పెద్ద ప్రొఫెసరు గారు
ఫోను జేబులో పెట్టి పెట్టె తలుపు తీయబోతే
"చేతులు, సార్" అన్నాను.
రౌండ్సంతా ఆగిపోయింది.
ఆయన నావైపు చూశాడు, తర్వాత సింకువైపు.
నూకరత్నం నేల తుడవడం ఆపి మరీ చూసింది.

ఇవాళ జాలారిపేట నుంచి మైలపల్లి పోలమ్మ వచ్చింది,
మనవరాలిని మొదటిసారి ముట్టుకోడానికి.
గాజులు మోచేతిదాకా తోసి
మూడుసార్లు కడిగి, మూడుసార్లు వాసన చూసుకుంది.
"ముప్పయ్యేళ్ళు గంప మోసినాను.
ఈ నీసు పోదు తల్లీ. మరి ముట్టుకోవచ్చా?"
నీసు ఉంటే ఉండనీ, పాపకేం కాదు.
బొటనవేళ్ళు మరిచిపోయావు. గోళ్ళ కింద కూడా.
ఇరవై లెక్కపెట్టు.
"ఇరవయ్యంటే?"
క్షణం ఆలోచించి, తనే
చేపలు లెక్కపెట్టినట్టు మొదలెట్టింది:
ఒక పుంజీ, రెండు పుంజీలు...
ఐదు పుంజీలకి నీళ్ళు కట్టేసింది.
సరిగ్గా ఇరవై.
ఇన్నేళ్ళ ట్రైనింగుల్లో
ఇంత తేలికైన లెక్క నాకెవరూ చెప్పలేదు.

మనవరాలు ఉన్నది పదకొండులో.
ఆ పెట్టె సంగతి ఆమెకి చెప్పలేదు.
"ఉండు, నేనూ వస్తా" అని
కుళాయి తిప్పాను.
నీళ్ళ చప్పుడు వింటూ,
పెదాలు కదుపుతూ,
ఒక పుంజీ.