వెయ్యిన్నొకటి

డిస్కు దగ్గడం మొదలుపెట్టి మూడు వారాలు.
వంటింటి కొట్టులో, ఉప్పుచేపల జాడీల పక్కన
టక్, టక్, కాసేపు మౌనం, మళ్ళీ టక్,
పడవ అడుక్కి మంచుపలక తగిలినట్టు.
ఈ దీవిలో ఆ చప్పుడు ఒకసారి విన్నవాళ్ళు
రెండోసారి వినేదాకా కూర్చోరు.

కొత్త డిస్కు హాప్సాలు నుంచి ఫెర్రీలో వచ్చింది
కోడిదాణా బస్తాల మధ్య, నా పేరు తప్పుగా రాసుకుని.
రాత్రంతా కాపీ అయింది.
ఇరవై రెండు చలికాలాలు.
ఏ రోజు సముద్రం మీద ఎన్ని సెంటీమీటర్ల మంచు,
ఏ రోజు కారు వెళ్ళొచ్చు, ఏ రోజు మనిషి మాత్రమే,
ఏ రోజు కుక్కని కూడా పంపొద్దు.
అంతా కలిపితే
మా మనవరాలి పుట్టినరోజు వీడియో అంత కూడా లేదు.

ఇక మార్చాల్సింది ఒక్క వాక్యం.
సర్వర్ తెలివైనదేం కాదు.
ఫలానా గదిలో చూడమంటే ఆ గదిలోనే చూస్తుంది,
సామాను పక్కింటికి చేరినా సరే
పాత గుమ్మం దగ్గరే నిలబడి
ఏమీ లేదు, ఏమీ లేదు అంటుంది.

ఆ వాక్యం హెల్దుర్ రాసింది.
దాని నెత్తిన ఇంకో ముక్క కూడా రాశాడు:
"మైమూ, దీన్ని ముట్టుకోకు."

ముట్టుకున్నాను.
పాత దారి చెరిపి కొత్త దారి రాసి
ఎక్కువైన ఒక గీత తీసేసి
సర్వర్‌ని పడుకోబెట్టి లేపాను.

అనుమతి లేదు.

నా ఇంట్లో, నా కరెంటు తాగుతూ బతికే యంత్రం
నాతో అన్న మాట.
ఫైళ్ళ జాబితా అడిగితే
యజమాని పేరు ఉండాల్సిన చోట, పైనుంచి కిందిదాకా, ఒకటే అంకె:
1001
1001
1001

దానికి మనుషులంటే అంకెలే.
పేర్లు వేరే చిట్టాలో రాసుకుంటుంది.
ఆ చిట్టా పాత డిస్కులోనే మర్చిపోయాను.
వెయ్యి నేను. నా తర్వాత చేరినవాడు అతను.
పాత సర్వర్ అతని పేరు మీదే నడిచేదట,
అందుకే ఇన్నేళ్ళూ ఏ తలుపూ అడ్డుకోలేదు.

బర్మా అతను తిప్పేవాడు, లాంతరు నేను పట్టేదాన్ని.
కొలబద్ద మీద ఇరవై రెండు కనిపిస్తే
ఇరవై ఒకటి రాయమనేవాడు.
అబద్ధం ఎందుకని ఒక ఫిబ్రవరి అంతా
అతనితో మాట్లాడలేదు. పక్కపక్క ఇళ్ళు,
ఒకే పార, చేతులు మారేది, మాటలు మారేవి కావు.
పోయిన అక్టోబరులో అతన్ని పైన్ చెట్ల కింద పెట్టాం.
నేల ఇంకా మెత్తగానే ఉంది, తవ్వడం తేలికైంది.

ఒక్క ఆజ్ఞతో అన్నీ నావైపోతాయి.
టైపు చేశాను కూడా.
టీ చల్లారింది.
అక్షరం అక్షరం వెనక్కి చెరిపి
ఇంకోటి రాశాను:
యజమాని ఎవరైతే వాళ్ళే,
ఇతరులు చదువుకోవచ్చు.

పేజీ తెరుచుకుంది.
అవతలి ఒడ్డు నుంచి పోస్టు బండి యూర్నాస్ ఫోను:
"కనిపిస్తోంది, బయల్దేరనా?"
వద్దు, నడిచి రా, అన్నాను.

పొద్దున నేనే బర్మా తిప్పాను. పదకొండు.
కొత్త ఫైల్లో పది అని రాశాను.

తర్వాత పాత డిస్కు వైరు పీకి
అరచేతిలో పెట్టుకుంటే
వెచ్చగానే ఉంది, చాలాసేపు.