తల, చేతులు బయట పెట్టరాదు

హన్మకొండ చౌరస్తాల ఆటోలు పెరిగినంక
నాయన కమాండర్ జీపుకు గిరాకీ పోయింది.
రేకుల షెడ్డు కింద నిలబడి నిలబడి
దాని వెనుక సీట్ల కోడి గుడ్లు పెట్టింది.

అప్పుడు తట్టింది ఆయనకు.
తుక్కుల దొరికిన ఇరుసు ఒకటి, నీళ్ల ట్యాంకరుది,
మేనమామ ఓదెలు వెల్డింగు షాపుల
నెల రోజులు రాత్రిపూట నిప్పురవ్వలు.
పైన రేకు, లోపల రెండు మడతమంచాలు,
పక్కకు, కోసి అమ్మిన ఆర్టీసీ బస్సు కిటికీ.
కిటికీ మీది అక్షరాలు అట్లనే ఉన్నయి:
తల, చేతులు బయట పెట్టరాదు.

"దీన్నేమంటరు?" అన్నది అమ్మ.
"ఇల్లు. తోకకు కట్టుకునే ఇల్లు."
"కిరాయి కట్టేది ఒకటి చాలదా?"

పెండ్లయిన ఏడు సముద్రం చూపిస్తనన్నడట.
పద్దెనిమిదేండ్లు.
విశాఖపట్నం దాకా డీజిల్ లెక్క కట్టి
కాగితం నాలుగు మడతలు పెట్టి జేబుల వేసుకున్నడు.
తెల్లారి, "ఏటూరునాగారం పోదాం,
గోదారి ఒడ్డు పొంటి మంగపేట దాకా" అన్నడు.
సముద్రం మాట ఎవ్వరం ఎత్తలేదు,
తమ్ముడు తప్ప.

ములుగు దాటినంక ఎండ. పస్రా దాటినంక అడవి.
తాడ్వాయి దిక్కు దిగుడుల
ఏదో మమ్మల్ని ఓవర్‌టేక్ చేసింది.
చూస్తే మా ఇల్లే.
కొక్కెం పిన్ను విరిగి,
తొందర పనేదో ఉన్నట్టు జీపు పక్కనుంచి
బియ్యం సంచి, స్టవ్వు, నా పదో తరగతి పుస్తకాలతో సహా
ముందుకు పోయి పోయి
ఇప్పచెట్టుకు ఒరిగి ఆగింది.
నాయన చానాసేపు బ్రేకు మీది కాలు తియ్యలేదు.
అమ్మ నవ్వింది.
కొంగు అడ్డం పెట్టుకోకుండ
ఆమె అట్ల నవ్వంగ అదే నేను మొదటిసారి వినుడు.

ఇప్పపూలు ఏరుకునే ముసలాయన గంప దించి వచ్చి
విరిగిన పిన్నును, మా నాయనను
మార్చి మార్చి చూసిండు.
నల్లమద్ది కట్టె చెక్కి మేకు చేసిచ్చిండు.
పైసలు వద్దన్నడు, బీడీ ఒకటి తీసుకున్నడు.
పేరడిగితే ఈసం బుచ్చయ్య అన్నడో, ముత్తయ్య అన్నడో,
ఇంజను చప్పుడుల సగమే వినపడ్డది.

రామన్నగూడెం కాడికి పొద్దుగూకంగ చేరినం.
ఒడ్డంత మిర్చి కల్లాలు.
ఎర్రగ ఆరబోసిన పంట పక్కన
కావలివాళ్లు పరదాల కింద వండుకుంటున్నరు.
దిగంగనే తుమ్ములు.
మొదలు తమ్మునికి, తర్వాత నాయనకు, ఆపై లెక్క లేదు.
గోదారికి దండం పెడదామని చేతులెత్తి
ఎత్తిన చేతులతోనే ముక్కులు మూసుకున్నం.

మార్చి నెల. నది దూరం జరిగింది.
చెప్పులు చేతుల పట్టుకుని ఇసుకల
నడుస్తనే ఉన్నం, నడుస్తనే ఉన్నం.
తమ్ముడు ఓపిక పట్టలేక మోకాళ్ల మీద కూసోని
చెలిమె తోడిండు.
ఊరిన నీళ్లు దోసిట్ల పట్టి అమ్మకిచ్చిండు:
"సముద్రమేనా చూడు."

అమ్మ కూర రుచి చూసినట్టు
నాలుక కొసకు తగిలించుకొని, కండ్లు మూసి,
"ఉప్పు తక్కువైంది" అన్నది.
నాయన అటు తిరిగి
అవతలి ఒడ్డు లైట్లు లెక్కపెట్టుకుంట నిలబడ్డడు.
ఉన్నవే మూడు.

రాత్రి, చల్లారే రేకు టక్కు టక్కుమన్నది.
నాయన జీపులనే పండుకున్నడు,
కట్టె మేకు కనపడేటట్టు టార్చి పక్కకు పెట్టుకొని.
నడిజామున నాకు మెలకువ వచ్చింది.
అమ్మ కిటికీ కాడ కూసున్నది.
అద్దం జరిపి, ఆ అక్షరాల కింది నుంచే
తల బయట పెట్టింది.
తర్వాత ఒక చెయ్యి.
కాసేపటికి రెండోది.

గాలినిండ మిర్చి ఘాటు.
ఎక్కడో పడవ తాడు రాపిడి.
ఆమె తుమ్మలేదు.