నా సమక్షంలో

గుండ్రటి సీలు నాది. కొట్టీ కొట్టీ
అరచేతిలో కాయ కాచింది.
గూడూరు కోర్టు బయట, జిరాక్సు కొట్టు పక్కన
రేకుల నీడలో నా బల్ల.
రోజుకి ఇరవై, ముప్పై కాగితాలు
ఒకే వాక్యం మోసుకుని వెళ్లేవి:
"నా సమక్షంలో సంతకం చేసినారు."

ఆ రోజు పెంచలనరసయ్య వచ్చాడు.
అరవై సెంట్ల నిమ్మతోట మీద
నాకే హక్కూ లేదని
వాళ్ల వదిన ఒప్పుకున్న అఫిడవిట్టు,
ముందే వేయించుకొచ్చిన వేలిముద్ర.
"ఆమె ఏదబ్బా?" అన్నాను.
"బస్సు పడదు సార్, వాంతులు."
నూటయాభై బల్ల మీద పెట్టాడు.
రిజిస్టరులో నాలుగువందల పన్నెండో నెంబరు.
ఎండ. క్యారేజీ వచ్చే వేళ.
సీలు మీద ఒకసారి ఊది, కొట్టాను.

ఏడాదిన్నరకి బార్ కౌన్సిల్ కవరు.
ముగ్గురు సీనియర్లు, పొడుగాటి బల్ల,
నా సీలును నా వైపే తిప్పి పెట్టారు.
పాతికేళ్లు సాక్షుల్ని నిలబెట్టి అడిగినవాణ్ణి,
నిలబడ్డ మోకాళ్ల సంగతి అప్పటిదాకా తెలీదు.

"ఈ వకీలును ఎప్పుడైనా చూశావా అమ్మా?"
మస్తానమ్మ నన్ను ఎగాదిగా చూసి
"ఎందుకు చూళ్లా? దినామూ చూస్తా" అనింది.
నా తరఫు వకీలు ముఖం వెలిగింది.
"కోర్టు గేటు కాడ నిమ్మసోడా బండి నాది.
ఈ సారుకి ఉప్పెక్కువ, చక్కెర వద్దు.
ఒక్క రూపాయి ఎగ్గొట్టలా, మంచోడే.
ఆ కాగితం మాత్రం నేనెరగను."

నా బల్ల నుంచి ఆ బండికి
ఇరవై అడుగులు. తర్వాత వెళ్లి కొలిచాను.
కేకేస్తే గ్లాసు కడుగుతూనే పలికేది.
ఏమని కేకేయాలో
అప్పుడు నాకు తెలిస్తే గదా.

ఏడాది సస్పెన్షన్. నోటరీ పోయింది.
అందరూ చేసేదే, నువ్వు దొరికావన్నారు మిత్రులు.
కోటు మేకుకే ఉంది. ఇస్త్రీ అబ్బాయి
రెండుసార్లు అడిగి మానుకున్నాడు.
సీలు అప్పజెప్పేశాను. కాయ చేతిలోనే ఉంది.

నిన్న బండి దగ్గరికి పోయాను.
చెప్పాల్సిన మాట గొంతులో
పిటిషను భాషలోనే తిరుగుతోంది.
సాక్షిని మొదట అడిగేది పేరే, పాడు అలవాటు,
"నీ పేరు..." అన్నాను.
నిమ్మకాయ సగానికి కోస్తూ, తలెత్తకుండా,
"కాగితంలో రాసుండాది గదా సారూ" అనింది.

గ్లాసు ముందుకు తోసింది.
ఉప్పు సరిగ్గానే ఉంది.