నలభై ఎనిమిది దగ్గర

నలభై ఏడు దాకా చెప్పిన మాట వింటుంది.
నలభై ఎనిమిది మైళ్ల దగ్గర
నడుంలోంచి చలిజ్వరం మొదలు.
అద్దంలో వెనకాల రోడ్డు రెండవుతుంది,
అరలో చిల్లర తనని తను లెక్కపెట్టుకుంటుంది.
యాభై ఆరు దాటితే
ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది.

పంతొమ్మిది వందల యాభై ఏడు మోరిస్ ఆక్స్‌ఫర్డ్.
మన అంబాసిడర్‌కి తోడబుట్టింది,
హాలిఫాక్స్ వానల్లో తుప్పు పట్టిన అక్క.

టైర్లు మార్చాను. చక్రాలు బ్యాలెన్స్ చేయించాను.
కింగ్ క్రాస్ గ్యారేజీ కుర్రాడు
ఇంజన్ కింద రబ్బర్లన్నాడు,
రెండు వందల ఎనభై పౌండ్లు పుచ్చుకున్నాడు.
వణుకు వాడి రసీదు చదువుకోలేదు.

ఆస్పత్రిలో నా పని చెవులు కొలవడం.
చప్పుడు చొరని గదిలో కూర్చోబెట్టి
సన్నని కూత వినపడితే బటన్ నొక్కమంటాను.
క్లిఫర్డ్ ఆక్రాయిడ్ ఒక్కసారీ నొక్కలేదు.
తివాచీల మిల్లులో ముప్పై నాలుగేళ్లు
మగ్గాలు బాగుచేసిన మనిషి. ఎనభై రెండు.
చెవికి మిషన్ పెడతానంటే
నా పెదాలు చదివి నవ్వాడు:
"విన్నంత విన్నాను, లవ్. చాలు."
బల్ల మీద నా తాళాలకున్న మోరిస్ బిళ్ల చూసి
చెవుల సంగతి వదిలేసి
కారు సంగతి అడిగాడు.

ఆదివారం వచ్చాడు. ఎడమ బూటు విప్పి
మేజోడు పాదం నేలరేకుకి ఆనించాడు.
పాలు పొంగే గిన్నె దగ్గర నిలబడ్డవాడి మొహం.
నలభై ఎనిమిది. వేలు ఎత్తాడు.
క్లచ్ తొక్కి న్యూట్రల్‌లోకి తెమ్మని సైగ.
ఇంజన్ నెమ్మదించింది. వణుకు నెమ్మదించలేదు.
"ఆ కుర్రాణ్ణి డబ్బు వెనక్కడుగు."
చక్రం ఒక్క చుట్టు తిరిగేలోపు
తన బొటనవేలి కింద నాలుగు దెబ్బలట, పైన ఇంకో అర.
అంత తొందరపడేది కింద ఒక్కటే,
గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసు దాకా పోయే పొడుగాటి గొట్టం.
ఎవడో కొత్త కీళ్లు వేసి
తూకం మరిచాడు.

స్టాండ్ల మీదికెత్తి కింద నేను దూరాను.
టార్చి ఆయన పట్టాడు.
అక్కణ్ణుంచి నా పెదాలు కనపడవు,
అందుకని స్పానర్‌తో రేకు మీద తట్టమన్నాడు,
ఒకటంటే అవును, రెండంటే కాదు.
గొట్టం చుట్టూ సుద్దతో నాలుగు గీతలు,
మొదటి గీత దగ్గర ఒక జూబిలీ క్లిప్.
నీళ్లపైపుకి బిగించేదే, పౌండు కూడా చెయ్యదు.
మృదంగం ఎడమ మూతికి రవ్వముద్ద అద్ది
వాయించి, గిల్లి, మళ్లీ వాయించినట్టు
క్లిప్ జరపడం, రోడ్డెక్కడం, వచ్చి మళ్లీ దూరడం.
ఒకటి దగ్గర నా పళ్లు టకటకలాడాయి.
రెండు దగ్గర మామూలే.
మూడు దగ్గర ఫ్లాస్కు మూతలో టీ
అంచు దాకా వచ్చి ఆలోచించుకుంది.
జుట్టులో గ్రీజు, మెళ్లోకి వాన.
మూడుకీ నాలుగుకీ మధ్య, మూడుకి దగ్గరగా,
ఇంకొక్క బొటనవేలు వెడల్పు అన్నాడు.

ఆరోసారి. క్వీన్స్‌బరీ రోడ్డు,
రాతిగోడల వెనక తడిసిన గొర్రెలు.
నలభై ఆరు, ఏడు, ఎనిమిది.
చిల్లర నోరెత్తలేదు. అద్దంలో రోడ్డు ఒక్కటే.
ఇన్నాళ్లూ ఆ రొద కింద నక్కినవి
ఒక్కొక్కటీ బయటికొచ్చాయి:
గడియారం, తలుపు రబ్బరు ఈల,
అద్దం తుడిచే పుల్ల మూలుగు,
ఎప్పట్నుంచి బిగబట్టానో, నా ఊపిరి.

ఆక్రాయిడ్ కళ్లు మూసుకుని ఉన్నాడు.
పాదం అలాగే రేకు మీద.
చాలాసేపటికి
"ఏం లవ్, ఆగామా?" అన్నాడు.

ఆయన కళ్లు తెరవలేదు, నేను పిలవలేను.
యాక్సిలరేటర్ మీద
మెల్లగా రెండుసార్లు తట్టాను.