నాలుగో లైను, నాలుగో అడ్డరోడ్డు

మిర్చి యార్డులో మా కొట్టు కంప్యూటరు,
తుమ్మకుండా దాన్ని తెరవలేను.
కీబోర్డు తిరగేసి తడితే
రాలేది దుమ్ము కాదు, తేజ రకం గింజలు.

అందులో నా గుర్తులు కొన్ని:
నిన్నటి ధరలు, కోల్డ్ స్టోరేజీలో ఖాళీలు, జీఎస్టీ గడప,
ఎందుకు దాచానో తెలియని నిమ్మకాయ పచ్చడి.
నల్లపాడులో ఇంటి కంప్యూటర్లో వేరేవి:
గ్రూప్ టూ పాత ప్రశ్నపత్రాలు,
బోటు నెక్కు జాకెట్టు కత్తిరింపు,
మళ్ళీ అదే నిమ్మకాయ.
ఇక్కడ కావలసినప్పుడు అక్కడుంటుంది,
అక్కడ కావలసినప్పుడు ఇక్కడ.

"రెండూ కలిపేయక్కా" అన్నాడు పక్క కొట్టు కరీముల్లా.
ఒక్క మీట నొక్కితే చాలట,
సంబంధం కుదిర్చినంత ధీమాగా చెప్పాడు.
నొక్కాను.

రాత్రి ఇంట్లో తెరిస్తే
నావి కానివి అరవై ఒకటి.
ఫోల్డరు పేరు "చూడాలి".
నాకు ముందు ఆ కుర్చీలో కూర్చున్న
గుమాస్తా రంగనాయకులు గారివి.
రిటైరైన రోజు శాలువా కప్పాం,
చిట్టా పుస్తకాలు లెక్కపెట్టి తీసుకున్నాం.
ఇవి ఎవరూ అడగలేదు.

మోకాలి నొప్పికి ఆముదం.
విశాఖకు రైలు, స్లీపరు, ఒక్కరికే.
హార్మోనియం మొదటి పాఠం.
హార్మోనియం మొదటి పాఠం.
ఆరుసార్లు, ఆరు వేర్వేరు ఏళ్ళలో, మొదటి పాఠమే.
రెండోది ఎక్కడా లేదు.
బస్తాల లెక్క కేకేసే గొంతే నాకు తెలుసు,
కూనిరాగం ఎప్పుడూ వినలేదు.

చెరిపేద్దామనుకున్నాను.
ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుందట,
కలపడమంటే అదేనట.
శుక్రవారాలు ఆయన కొట్టుకొస్తారు,
"కాసేపు కూర్చుంటానమ్మా" అంటారు.
ఏం చూస్తారో నేనెప్పుడూ వంగి చూడలేదు.

మౌసు మీంచి చెయ్యి తీశాను.
మళ్ళీ పెట్టి, ఒక పాఠం తెరిచాను.
తెల్లటి పేజీ, మధ్యలో 404.
ఇంకోటి. 404.
ఆరుకి ఆరూ.

లోకానికి దానర్థం ఏమైనా కానీ
గుంటూరు మనిషి చిరునామాగానే చదువుతాడు:
బ్రాడీపేట, నాలుగో లైను, నాలుగో అడ్డరోడ్డు.
లైనూ అడ్డరోడ్డూ చెబితే చాలు మా ఊళ్ళో,
పోస్టుమాను, పాలవాడు, అప్పులవాడు
ముగ్గురూ తప్పకుండా అదే గుమ్మం తడతారు.

మర్నాడు స్కూటీ అటు తిప్పాను. నవ్వితే నవ్వండి.
మూలమీద ఇస్త్రీ బండి.
"ఇక్కడ హార్మోనియం నేర్పేవాళ్ళెవరైనా..."
అతను పెట్టె మూత ఎత్తి బొగ్గులు ఊదాడు.
"ఉండేవారు, ఆ కింద వాటాలో.
ఇప్పుడది రక్తపరీక్షల సెంటరు.
మేష్టారు పండరీపురం మారిపోయారు."

మ్యాపులో ఆ కొత్త గుమ్మం వెతికి
"చూడాలి"లో అరవై రెండోదిగా పెట్టాను,
పేరు మాత్రం పాతదే: మొదటి పాఠం.
శుక్రవారానికి
అది యార్డు దాకా చేరుతుందో లేదో
చూడాలి.