నాలుగో రీలు

గాంధీనగరంలో పెట్టెలు మోసే రోజుల్లో
మాకు తెలిసిన జర్మనీ అంతా
బెంజి సర్కిల్ దగ్గర మొదలై అక్కడే అయిపోయేది.

ఆ జూన్‌లో స్టేషన్లో దిగాయి
ఆరు తుప్పు రేకు డబ్బాలు.
మీద పేరు: గెర్ట్రూడ్ హాల్మ్‌స్టెట్.
ఫిల్మ్ సొసైటీ ధనుంజయం గారు కూడబలుక్కుని చదివి
"పన్నెండేళ్లు ఊళ్లోవాళ్ల సినిమాలకి కథలు రాసిందటోయ్,
పేరేమో అన్నిటికన్నా కింద, చీమ తలకాయంత.
నలభై మూడో ఏట తనే తీసింది" అన్నారు.

నేను అప్పటికి
రాత్రిళ్లు మద్రాసు డబ్బింగులకి
పెదవి కలిసేలా మాటలు అల్లేవాణ్ణి.
సంతకం మరొకరిది.

గవర్నరుపేటలో అద్దె హాలు, ఒకే ఫ్యాను.
తెలుగు చెప్పడానికి మైకు పట్టుకుని ధనుంజయం గారు.
పదిహేడు నిమిషాలు తెర మీద ఎవరూ నోరు విప్పలేదు.
ఒకామె బంగాళాదుంపలు చెక్కు తీస్తుంది.
ఎవరివో మగ బూట్లు గుమ్మం బయట పెడుతుంది,
వాన రాగానే లోపల పెడుతుంది.
మైకులో ఆయన పొడుం పీల్చిన చప్పుడు.
వెనక నుంచి ఎవడో "సౌండూ!" అని కేక.
"సౌండుంది నాయనా, మాటే లేదు."
అంతే, ఆ సగం రాత్రికి అనువాదం.

మాటలమ్ముకుని బతికిన మనిషి
కెమెరా చేతికి రాగానే
ముందు మాటల్నే ఇంటికి పంపేసింది.

మూడో రీలు తర్వాత ఐదోది పడింది.
బూట్లు లేవు. ఆమె నవ్వుతోంది.
"అదీ దర్శకత్వమంటే!" అని చప్పట్లు.
నాలుగోది తెనాలి బండెక్కి
ఏదో పౌరాణికం పెట్టెలతో వెళ్లిపోయింది.
ఎక్కించింది నేనే. చెప్పలేదు.

వారానికి తిరిగొచ్చింది.
ఏలూరు కాలవ గట్టున, మిట్టమధ్యాహ్నం,
మూర చొప్పున ఎండకి పట్టి చూశాను.
బూట్లు ఎక్కడికి పోయాయో
బెజవాడలో నాకొక్కడికే తెలుసు.

మూడే తీసిందట. మళ్లీ పోయి
పరాయివాళ్లకి రాసుకుందట.
ఎందుకో ఏ కాయితంలోనూ లేదు.

ఆ నెల డబ్బింగులో
హీరోయిన్ తల్లి గుమ్మంలో నిలబడే చోట
ఒక్క వరస ఖాళీగా వదిలి పంపాను.
మద్రాసు నుంచి కార్డు వచ్చింది:
"పెదవి కదులుతోంది, మాటేదీ?"
ఇరవై రూపాయలు కోశారు.